తెర మీద స్త్రీ, సంఘంలో స్త్రీ

(నాగాయలంకలో క్రైస్తవ స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమాల గురించీ, వాటికి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ల గురించీ, వాటిపట్ల మన క్రైస్తవ సంఘాల వైఖరి గురించీ మాట్లాడమన్నారు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఈ విషయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కూలిరేట్ల సమస్య ఉంది. రొయ్యల చెరువుల మీద పనికెళ్ళే ఆడవాళ్ళ ఇబ్బందులున్నాయి. తాగుడుంది, కట్నాలున్నాయి. వాటి ముందు సినిమా ఎంత?

అలా కొట్టిపారేయడానికి వీల్లేదు. మన ఇళ్ళలో ఆడపిల్ల ఎక్కడికి వెళ్ళాలి, ఏం కట్టుకోవాలి, ఎంత గట్టిగా నవ్వాలి అనే తగువుల్లో చాలావాటికి సినిమా పేరే చెబుతారు. ‘సినిమాదానిలా తయారయ్యావేంటే’ అన్న మాట పడకుండా పెరిగినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? ఆ మాట మగపిల్లాణ్ణి ఎవరైనా అనగా విన్నారా? సినిమా మీద సంఘం పెట్టే ఆంక్ష ఎవరి మీద పడుతోంది? సినిమాలో ఏది తప్పని సంఘం అంటోంది? కళ్ళముందు జరుగుతున్నా దేన్ని తప్పనడం లేదు? ఈ మూడు ప్రశ్నలూ స్త్రీల హక్కులకు సంబంధించినవే. వీటి గురించే ఇవాళ మాట్లాడతాను.

ముందుగా చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. క్రైస్తవులకీ సినిమాకీ మొదట్నుంచీ పడదని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి మన దేశంలో సినిమా పుట్టుకలోనే క్రీస్తు కథ ఉంది. 1905లో తిరుచ్చిలో రైల్వే గుమాస్తాగా పనిచేస్తున్న స్వామికణ్ణు విన్సెంట్ అనే క్రైస్తవుడు, ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరూ క్రీస్తు జీవితం మీద తీసిన చిన్న చిత్రమూ కొన్నాడు. డేరా వేసి ఊరూరా చూపించాడు. దక్షిణాదిలో టూరింగ్ సినిమాకి అదే నాంది. 1910 ప్రాంతంలో బొంబాయిలో క్రీస్తు జీవితం మీద వచ్చిన చిత్రాన్ని చూసే, దాదాసాహెబ్ ఫాల్కేకి మన దేవుళ్ళ కథలు కూడా తెర మీదికి తేవాలన్న ఆలోచన పుట్టింది. అలా 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. అందులో తారామతి వేషం వేసింది సాలుంకే అనే మగవాడు. ఆ వేషం వేయడానికి ఏ స్త్రీ కూడా ముందుకు రాలేదు. తెరమీద కనబడితే ఆడదాని పరువు పోతుందన్న భయం సినిమాతో పాటే పుట్టిందన్నమాట.

మన జిల్లా సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలుగు సినిమాకి పితామహుడని పేరు పొందిన రఘుపతి వెంకయ్య మచిలీపట్నంలో పుట్టినవాడు. ఎన్.టి. రామారావుది నిమ్మకూరు, అక్కినేనిది గుడివాడ పక్కన రామాపురం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమ శవాల దిబ్బ అయినప్పుడు, ఆ ఇద్దరు నటులూ జోలె పట్టి మనకోసం చందాలు పోగుచేశారు. ఆ మరుసటి ఏడు, 1978లో, విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ వచ్చింది. ఇక సంఘాలవాళ్ళే తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరు తెచ్చి, పేటపేటకీ ఆ సినిమా చూపించారు. సినిమా పాపమన్న బోధకులే జనరేటరుకి డీజిలు పోయించారు. అంటే సంఘం సినిమాను ఎప్పుడూ పూర్తిగా కాదనలేదు. తనకు పనికొచ్చినప్పుడు సువార్త అంది, పనికిరానప్పుడు లోకం అంది.

దీన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఏ సాధనమైనా దేనికి వాడుతున్నామన్నదే ముఖ్యం. కాని ఆ నిర్ణయం ఎవరు చేశారు? ఎవరు అమలు చేశారు? ఎవరు అనుభవించారు? అది చూడాలి.

అన్ని సంఘాలూ ఒక్క తీరుగా లేవు. సి.ఎస్.ఐ., లూథరన్, రోమన్ కేథలిక్ సంఘాల్లో సినిమా మీద గట్టి నిషేధం ఎన్నడూ లేదు. మంచివి చూడండి, చెడ్డవి మానండి అన్నారు. సహవాసాల్లో, పెంతెకొస్తు సంఘాల్లో పట్టింపు ఎక్కువ. అక్కడ సాక్ష్యం చెప్పేటప్పుడు సినిమాలు మానేశాననడం మారుమనస్సుకి ఒక గుర్తు. ఎవరి విశ్వాసం వాళ్ళది. తన మనసుకి తోచి మానేసిన మనిషిని నేను గౌరవిస్తాను. అలాంటి స్త్రీలు ఇక్కడ ఉన్నారు, వాళ్ళకి నా మాటలతో పేచీ ఉండాల్సిన పనిలేదు. కాని ఆ సాక్ష్యాల్లో ఒక తేడా గమనించండి. మగవాడు సినిమాలు మానేశాను, సిగరెట్లు మానేశాను, తాగుడు మానేశాను అంటాడు. అతను మానేసినవన్నీ డబ్బూ ఆరోగ్యమూ పాడుచేసేవి. ఆడమనిషి సినిమాలు మానేశాను, నగలు తీసేశాను, పూలు మానేశాను అంటుంది. ఆమె మానేసినవన్నీ ఆమెకున్న చిన్న చిన్న సంతోషాలు.

ఆ నియమం తప్పిన మగవాడు అవనిగడ్డలో సెకండ్ షో చూసి ఇంటికొస్తే భార్య తలుపు తీస్తుంది. ఆమె మాట్నీకి వెళ్తే మాత్రం ఆదివారానికల్లా సంఘమంతా తెలుస్తుంది, అమ్మగారు పిలిచి మందలిస్తారు. తర్వాత టీవీ వచ్చింది. థియేటరుకి వెళ్ళడం పాపమన్న ఇళ్ళలోనే నట్టింట్లో సినిమా మొదలయింది. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది. ఈ మార్పు గురించి ఏ సంఘమైనా కూర్చుని చర్చించిందా? నాకు తెలిసి చర్చ కంటే ముందు ఆడపిల్ల చేతిలోంచి ఫోను లాక్కోవడం జరిగింది. పిల్లాడి ఫోనులో ఏముందో చూసినవాళ్ళు తక్కువ.

ఇక రెండో ప్రశ్న. సినిమాలో ఏది తప్పు?

ఈ విషయంలో క్రైస్తవ సంఘాలు చాలా గట్టిగా పనిచేసిన దేశం అమెరికా. హాలీవుడ్ నిర్మాతలు 1930లో ఒక నియమావళి ఒప్పుకున్నారు. దాన్ని రాసినవాళ్ళలో డేనియల్ లార్డ్ అనే జెసూట్ గురువు ఒకరు. మొదట్లో అది కాగితం మీదే ఉంది. 1933, 34ల్లో కేథలిక్ బిషప్పులు ‘లీజియన్ ఆఫ్ డీసెన్సీ’ అనే సంస్థ పెట్టి, చెడ్డ సినిమాలు చూడమని గుళ్ళలో విశ్వాసుల చేత ప్రమాణాలు చేయించారు. సంస్థ తానే సినిమాలకు తరగతులు కట్టింది. ఖండించిన సినిమాల జాబితా ఒకటి ఉండేది. డబ్బు పోతుందనేసరికి హాలీవుడ్ దిగొచ్చింది, 1934 నుంచి నియమావళి గట్టిగా అమలయింది. 1936లో పోపు పదకొండవ పయస్ సినిమా మీద ఒక లేఖ రాసి ఈ కృషిని మెచ్చుకున్నారు.

ఆ నియమావళి ఏం చేసింది? మొగుడూ పెళ్ళాల్ని కూడా రెండు వేర్వేరు మంచాల మీద చూపించేటట్టు చేసింది. మతబోధకుల్ని నవ్వులపాలు చేయకూడదంది. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ప్రేమ చూపించకూడదంది. అంటే కులాంతర వివాహం తెరమీద కనిపించకూడదన్నట్టే. నీతి పేరుతో వచ్చిన నియమం జాతివివక్షని కూడా నీతిలో కలిపేసింది. దళిత క్రైస్తవ స్త్రీలుగా మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏది నీతో నిర్ణయించే బల్ల దగ్గర మనం లేకపోతే, ఆ నీతి మనకి వ్యతిరేకంగానే ఉంటుంది.

ఆ నియమావళి చివరికి నిలవలేదు. 1968 నవంబరులో దాని స్థానంలో వయసును బట్టి అక్షరాలు ఇచ్చే పద్ధతి వచ్చింది. సినిమాను ఆపడం మాని, అందులో ఏముందో తల్లిదండ్రులకి చెప్పడం మొదలుపెట్టారు. 2004లో మెల్ గిబ్సన్ క్రీస్తు శ్రమల మీద ‘ది పేషన్ ఆఫ్ ది క్రైస్ట్’ తీసినప్పుడు, కొరడా దెబ్బలూ రక్తమూ అంత ఘోరంగా ఉన్నాయని దానికి అక్కడ ‘ఆర్’ ఇచ్చారు. పదిహేడేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళు వెంటలేకుండా చూడకూడదని దానర్థం. ఆ అక్షరం ఉన్న సినిమాలకి దూరంగా ఉండమని ఏళ్ళ తరబడి చెప్పిన సంఘాలే హాళ్ళు మొత్తం బుక్ చేసుకుని విశ్వాసుల్ని తీసుకెళ్ళాయి. అక్షరం ఒక్కటే చూసి పాపపుణ్యాలు తేల్చలేమని వాళ్ళే ఒప్పుకున్నట్టయింది.

మన దేశంలో సంగతి వేరు. ఇక్కడ సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వం. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం దానికి ఆధారం. తెలుగు సినిమాలు చూసి సర్టిఫికెట్ ఇచ్చే ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది. అక్షరాలు చాలామందికి తెలుసు, అర్థాలు తెలియవు. ‘యు’ అంటే అందరూ చూడవచ్చు. ‘ఎ’ అంటే పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళే. 1983లో ‘యు/ఎ’ చేరింది. పన్నెండేళ్ళలోపు పిల్లలకి చూపించేముందు తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని దానర్థం. డాక్టర్లవంటి ప్రత్యేక వర్గాల కోసం ‘ఎస్’ కూడా అప్పుడే వచ్చింది. 2023లో చట్టం మార్చి యు/ఎ ని మూడు చేశారు: ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు.

ఇక్కడ తల్లులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమెరికా ‘ఆర్’ సినిమాకి తల్లి వెంట ఉంటే పిల్లవాణ్ణి రానిస్తారు. మన ‘ఎ’ సినిమాకి తల్లి వెంట ఉన్నా రానివ్వకూడదు. పిల్లలకి ‘ఎ’ సినిమా చూపించిన థియేటరు యజమాని మీద చట్టప్రకారం చర్య తీసుకోవచ్చు. మరి మన ఊళ్ళలో పదో తరగతి పిల్లలకి టిక్కెట్టు ఇవ్వని హాలు చూశారా? ‘పెద్దలకు మాత్రమే’ అన్న హెచ్చరికనే పెద్ద అక్షరాలతో వేసి మార్నింగ్ షోలు నింపుకున్న రోజులు మనకి తెలుసు. పిల్లల్ని ఆపడానికి పెట్టిన అక్షరం మగపిల్లల్ని పిలిచే బోర్డయింది.

సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బోర్డు చూడాల్సిన మార్గదర్శకాలు 1991 డిసెంబరులో వచ్చాయి. స్త్రీలను ఏ విధంగానైనా కించపరిచే దృశ్యాలు ఉండకూడదని వాటిలో ఉంది. అత్యాచారం వంటి దృశ్యాలు వదిలేయాలి. కథకి తప్పనిసరయితే వీలైనంత తగ్గించాలి, వివరంగా చూపకూడదు అని ఉంది. మతాలనూ వర్గాలనూ హేళన చేసే మాటలు ఉండకూడదని కూడా ఉంది. పెద్ద సినిమాను పరిశీలించే కమిటీలో ఇద్దరు స్త్రీలు ఉండాలని 1983 నిబంధనలే చెప్పాయి. 2024లో వచ్చిన కొత్త నిబంధనలు బోర్డు సభ్యుల్లో మూడోవంతు స్త్రీలు ఉండాలనీ, వీలైతే సగం మంది ఉండాలనీ అంటున్నాయి. కాగితం మీద మనకి కావలసినవి చాలావరకు ఉన్నాయి. వాటిని అమలు చేయమని అడిగేవాళ్ళే లేరు.

అడిగిన సందర్భం ఒకటుంది. ఏం అడిగామో చూడండి.

2006లో ‘ది డా విన్సీ కోడ్’ అనే ఇంగ్లీషు సినిమా వచ్చింది. డాన్ బ్రౌన్ రాసిన నవల దానికి ఆధారం. యేసు మగ్దలేనే మరియను పెళ్ళి చేసుకున్నాడనీ, వాళ్ళకి సంతానం ఉందనీ, ఆ సంగతి సంఘం దాచిపెట్టిందనీ అందులో కల్పన. దేశమంతా క్రైస్తవులు అభ్యంతరం చెప్పారు. కేంద్రమంత్రి ప్రియరంజన్ దాస్ మున్షీ క్రైస్తవ పెద్దలతో కలిసి సినిమా చూశారు. ఇది కేవలం కల్పన అన్న ప్రకటన చేర్చి, బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. అయినా కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. నాగాలాండ్, పంజాబ్, తమిళనాడుతోపాటు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా వాటిలో ఉంది. పంపిణీదారులు హైకోర్టుకి వెళ్ళారు. 2006 జూన్‌లో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. చట్టప్రకారం బోర్డు చూసి సర్టిఫికెట్ ఇచ్చిన సినిమాను, కొందరికి నచ్చలేదనే కారణంతో ప్రభుత్వం ఆపడం రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛకి విరుద్ధమన్నది దాని సారం. 1989లో ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ సినిమా కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రం చెప్పింది. గొడవ చేస్తామని ఎవరైనా బెదిరిస్తే, బెదిరించినవాళ్ళని అదుపు చేయడం ప్రభుత్వం పని. మాట్లాడేవాళ్ళ నోరు మూయడం కాదు.

నమ్మేవాళ్ళకి ఆ సినిమా బాధ కలిగించి ఉండవచ్చు. బాధ చెప్పుకునే హక్కు, ఊరేగింపు చేసే హక్కు, ఆ సినిమా చూడకుండా ఉండే హక్కు మనకున్నాయి. కాని చూడాలనుకునేవాణ్ణి చూడొద్దనే హక్కు లేదు. మనం ఈ దేశంలో తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళం. మనోభావాలు దెబ్బతిన్నాయంటే చాలు, మాట ఆగిపోవాలనే సూత్రాన్ని ఒప్పుకుంటే, అది రేపు మన ప్రార్థన కూటం మీదికే వస్తుంది. నచ్చని మాటను కూడా చెప్పనిచ్చే రాజ్యాంగమే మన సువార్తను చెప్పనిస్తోంది.

ఇందులో స్త్రీలుగా మనం ఆలోచించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఆ గొడవంతా ఎవరి గురించి? మగ్దలేనే మరియ గురించి. ఆమెను యేసుకి భార్యగా చూపించారని రాష్ట్రాలే కదిలాయి. మరి అంతకు ముందు వందల ఏళ్ళుగా ఆమెను వేశ్యగా చూపించారే, దానికి ఎవరైనా కదిలారా? సువార్తల్లో ఎక్కడా ఆమె వేశ్య అని లేదు. ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అని ఉంది. తన సొమ్ముతో యేసు బృందాన్ని పోషించిన స్త్రీలలో ఒకతె అని ఉంది. శిష్యులు పారిపోయినప్పుడు సిలువ దగ్గర నిలబడింది. పునరుత్థానానికి మొదటి సాక్షి ఆమె. 591లో పోపు గ్రెగరీ ఒక ప్రసంగంలో, పేరులేని పాపాత్మురాలినీ ఈమెనీ కలిపి ఒక్కరే అన్నాడు. అప్పట్నుంచీ బొమ్మల్లో, నాటకాల్లో, సినిమాల్లో ఆమె జుట్టు విరబోసుకున్న వేశ్య అయిపోయింది. సంఘాలు హాళ్ళు బుక్ చేసుకుని చూసిన ‘పేషన్’లో కూడా వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ మగ్దలేనే మరియే. 1969లో కేథలిక్ సంఘం తన ఆరాధన క్రమం నుంచి ఆ కలగాపులగాన్ని తీసేసింది. 2016లో ఆమె దినాన్ని అపొస్తలుల దినాలతో సమానమైన పండుగ చేసింది. అంటే తప్పు జరిగిందని సంఘమే గుర్తించింది. తెరమీద మాత్రం ఆమె ఇంకా వేశ్యే. ఒక స్త్రీ పేరు అలా చెడగొట్టడం మన మనోభావాలకు తగలలేదు!

ఇది మూడో ప్రశ్న. దేన్ని మనం తప్పనడం లేదు?

తెలుగు సినిమాల్లో మన ఆడవాళ్ళని ఎలా చూపించారో గుర్తు చేసుకోండి. మేరీ, లిల్లీ, రోజీ అని పేరుంటే గౌను వేసుకుని క్లబ్బులో నాట్యమాడాలి, లేకపోతే విలన్ పక్కన గ్లాసు పట్టుకుని నిలబడాలి. నర్సయితే రోగితో సరసాలాడాలి. ఈ డెల్టాలో ఇంటిపనీ పొలంపనీ దాటి నర్సులుగా, పంతులమ్మలుగా నిలబడిన మొదటి తరం ఆడవాళ్ళలో ఎందరో మన పేటలవాళ్ళు. రాత్రి డ్యూటీలు చేసి తమ్ముళ్ళని చదివించారు. వాళ్ళ మీద ఆ వెకిలి హాస్యం వచ్చినప్పుడు హాల్లో మనవాళ్ళూ నవ్వారు. మతాన్ని హేళన చేయకూడదన్న మార్గదర్శకం దీనికి వర్తించదా? ప్రభువు పేరుకి జరిగితేనే అవమానమా, ప్రభువు బిడ్డకి జరిగితే కాదా?

తెర మీదికి వెళ్ళిన దళిత స్త్రీకి ఏమయిందో కేరళ చరిత్ర చెబుతుంది. తొలి మలయాళ చిత్రం ‘విగతకుమారన్’లో పి.కె. రోజీ నాయరు స్త్రీ పాత్ర వేసింది. ఆమె పులయ కులానికి చెందిన దళిత స్త్రీ. పై కులం స్త్రీగా ఆమె కనపడడాన్ని అగ్రకులాలవాళ్ళు సహించలేకపోయారు. దాడులు చేశారు. ఆమె ఊరొదిలి పారిపోయి, పేరు ప్రతిష్ఠలు లేకుండానే బతికి చనిపోయింది. కత్తెర సెన్సారు బోర్డు దగ్గరే ఉంటుందని అనుకోకండి. కులం చేతిలో అంతకంటే పెద్ద కత్తెర ఉంది.

ఇక అత్యాచార దృశ్యాలు. ఎన్నో ఏళ్ళపాటు తెలుగు సినిమాలో హీరో చెల్లెలు ఉండేదే అందుకు. మన సంఘాల్లో వాటిని ‘అసభ్యం’ అన్నారు. అంటే బట్ట చిరగడం అసభ్యం. బలాత్కారాన్ని చూసేవాడికి వినోదంగా వడ్డించడం అన్యాయమని అనలేదు. ఈ తేడా ముఖ్యం. 2017 ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు హైదరాబాదులో ఒక సీనియర్ కాంగ్రెస్ నాయకుడు బస్సు మీది పోస్టరు చింపారు. పోస్టరులో ముద్దు ఉందని. సినిమాలో హీరో పరిచయమైనా లేని అమ్మాయిని అడగకుండానే ముద్దుపెట్టుకుంటాడు. ఈమె నాది, ఎవరూ చూడొద్దని కాలేజీకంతా చాటుతాడు. అభ్యంతరం చెప్పాల్సింది దానికి. ఇష్టపడిన ఇద్దరి ముద్దు కంటే ఇష్టం అడగని చెయ్యి ప్రమాదం. ఈ సంగతి మన పిల్లలకి చెప్పకపోతే, వాళ్ళకి తెలిసే ప్రేమ అదే అవుతుంది.

అయితే హింసను చూపించకూడదా అని అడుగుతారు. బైబిలే చూపించింది కదా. సమూయేలు రెండో గ్రంథంలో తామారు కథ చదవండి. అన్నే చెల్లెల్ని చెరిచాడు. ఆ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు తీస్తే బోర్డు తప్పకుండా ‘ఎ’ ఇస్తుంది. కాని అది ఎలా చెప్పబడింది? తామారు వద్దని వేడుకున్న మాటలున్నాయి. ఆమె వాదన ఉంది. ఆమె చింపుకున్న వస్త్రం, తల మీద పోసుకున్న బూడిద, ఆమె ఏడుపు ఉన్నాయి. ఆమె శరీరం గురించిన వర్ణన మాత్రం లేదు. చదివినవాడికి అమ్నోను మీద అసహ్యం కలుగుతుంది. 1996లో ‘బాండిట్ క్వీన్’ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి కొలతే పెట్టింది. ఆ నగ్నత్వం చూసేవాడిలో కోరిక రేపడానికి కాదు, నేరస్తుల మీద అసహ్యం పుట్టించడానికి ఉంది కాబట్టి ‘ఎ’ సర్టిఫికెట్‌తో చూపవచ్చంది. అక్కడ ఇంకో ప్రశ్న కూడా ఉంది. తన అనుమతి లేకుండా తన మీద జరిగిన అత్యాచారాన్ని తెరకెక్కించారని ఫూలన్ దేవి స్వయంగా కోర్టుకెళ్ళింది. బతికున్న స్త్రీ బాధని ఆమెను అడగకుండా కథ చేసుకోవచ్చా? ఈ ప్రశ్న తేలిక కాదు. ఎవరి బాధో వాళ్ళ మాటకు విలువుండాలని మాత్రం నేనంటాను.

నటించే స్త్రీల హక్కులు కూడా మన లెక్కలో ఉండాలి. మలయాళ సినీ రంగంలో స్త్రీల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో గాని బయటకు రాలేదు. అవకాశం కావాలంటే శరీరం అడిగే పద్ధతి, మరుగుదొడ్డి కూడా లేని పనిచోట్లు అందులో ఉన్నాయి. తెరమీది స్త్రీని పాపాత్మురాలని తిట్టేముందు, ఆమె కూడా పనికి వెళ్ళిన ఆడమనిషేనని గుర్తించాలి.

ఇక్కడ అందరికీ తెలిసిన వాక్యం ఒకటి జ్ఞాపకం చేస్తాను. చెడు చూపు గురించి మాట్లాడినప్పుడు యేసు ఎవరిని బాధ్యుణ్ణి చేశాడు? చూసినవాణ్ణి. కన్ను తప్పుచేస్తే తీసి పారేయమన్నది చూసేవాడితో. ఆమెను ఇంట్లో కూర్చోమనలేదు, ఆమె బట్టల కొలత చెప్పలేదు. బత్షెబ స్నానం చేస్తుండగా దావీదు మేడమీద నుంచి చూశాడు. నాతాను ప్రవక్త వచ్చి వేలెత్తి చూపింది దావీదునే. మన సంఘాల్లో ఈ వాక్యాలను ఆడపిల్లల బట్టల మీద ప్రసంగాలకి వాడుతున్నారు. ఆ వాక్యాలు మగపిల్లల తరగతిలో చెప్పాల్సినవి.

అయితే ఏం చేయాలి? నాకు తోచినవి చెబుతాను.

సినిమా మొదలవగానే తెరమీద పడే సర్టిఫికెట్ చదవడం అలవాటు చేసుకోండి, పిల్లల చేత చదివించండి. ఏ అక్షరం ఎందుకిచ్చి ఉంటారో సినిమా అయ్యాక ఇంట్లో మాట్లాడండి. ఫోనుల్లో, టీవీల్లో నేరుగా వచ్చే సినిమాలకి కూడా 2021 నుంచి ఇలాంటి వయసు గుర్తులున్నాయి. పదమూడేళ్ళు, ఆపై గుర్తున్నవాటికి తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలని నిబంధన. ఆ తాళం వేయడం తల్లులు నేర్చుకోవాలి, తండ్రుల చేతికి వదిలేయకూడదు.

‘ఎ’ సినిమాకి చిన్నపిల్లల్ని రానిస్తే హాలు మేనేజరుని అడగండి. వినకపోతే నలుగురు కలిసి రెవెన్యూ అధికారులకి అర్జీ ఇవ్వండి. హాలు లైసెన్సు వ్యవహారం జిల్లా యంత్రాంగం చేతిలోనే ఉంటుంది. బడి దారిలో అసభ్యమైన పోస్టరు ఉంటే, స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించిన 1986 చట్టం ఉంది. బోర్డు చూసిన సినిమాకి అది వర్తించదు గాని, గోడమీది ప్రకటనకి వర్తిస్తుంది. గతంలో మహిళా సంఘాలు అటువంటి పోస్టర్లకి నల్లరంగు పూశాయి. అర్జీ కూడా నల్లరంగంత బలమైనదే, పదిమంది సంతకాలుంటే. ఏ సినిమాలోనైనా మన నర్సుల్ని, మన పేటల్ని హేళన చేస్తే, ఏ దృశ్యమో ఏ మాటో రాసి హైదరాబాదు కార్యాలయానికి ఉత్తరం రాయండి. సినిమా ఆపమని రాయకండి. మార్గదర్శకం ఇలా ఉంది, ఈ దృశ్యం దానికి విరుద్ధంగా ఉంది, ఎందుకు అనుమతించారని అడగండి.

అన్నిటికంటే ముఖ్యం మన సంఘం లోపల చేయాల్సింది. సినిమా మీద నియమం పెట్టాలనుకుంటే అది ఆడ, మగ ఇద్దరికీ ఒకటే కావాలి. ఆ నియమం చర్చించే పెద్దల కమిటీలో స్త్రీలు ఉండాలి. స్త్రీల కూటాల్లో ఈ సంగతి తీర్మానం చేసి అయ్యగారికి ఇవ్వండి. ఒక పిల్ల సినిమాకి వెళ్ళిందని బల్ల దగ్గరికి రానివ్వకపోవడం, ఆమెను కొట్టిన అన్నని ముందు వరసలో కూర్చోబెట్టడం, రెండూ ఒకే సంఘంలో జరగకూడదు.

సినిమా చూడాలో వద్దో మీ మనస్సాక్షి తేల్చుకుంటుంది. అది తేల్చుకోవడానికి కావలసిన సమాచారం మీకు అందడం హక్కు. మీ తరఫున ఇంకొకరు తేల్చి, ఆ బరువు మీ ఒక్కరి నెత్తినే పెట్టకుండా ఉండడం కూడా హక్కే. వచ్చే నెల మీ మీ స్త్రీల కూటాల్లో మొదటి పనిగా ఆ తీర్మానం పెట్టమని కోరుతూ ముగిస్తున్నాను.